ఆటిజం థెరపీల గురించి మనకి (టీచర్లకి, థెరపిస్టులకి) నిజంగా ఎంత తెలుసు?

పల్నాటి_టీచరమ్మ
అందరికీ నమస్తే. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రంలో ఐఈఆర్‌పీగా, అంటే ఆ పిల్లల టీచర్‌గా, తొమ్మిదేళ్ల నుంచి చేస్తున్నాను. స్పెషల్ బీఎడ్ చేసింది మానసిక వైకల్యంలో, ఆటిజంలో కాదు. ఇప్పుడు నా దగ్గరికి రోజూ వచ్చే పదకొండు మందిలో నలుగురికి సదరం సర్టిఫికెట్‌లో ఆటిజం అని ఉంది. ఇంకో ఇద్దరి మీద నాకు అనుమానం, ఇంట్లోవాళ్లు ఇంకా ఒప్పుకోలేదు.

పోయిన వారం ఒక తండ్రి ఫోన్ చూపించి, "మేడమ్, మీరు ఏబీఏ చేస్తారా, పెక్సా, సెన్సరీ ఇంటిగ్రేషనా?" అని అడిగాడు. "అన్నీ కలిపి చేస్తాం నాన్నా" అన్నాను. ఆయన సంతోషంగా వెళ్లిపోయాడు. నాకే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ మూడింట్లో రెండిటికి పేర్లు తప్ప నాకేం తెలీదు. బీఎడ్‌లో ఒక పాఠం, రెండు రోజుల శిక్షణలో రెండో రోజు భోజనాల తర్వాత ఒక గంట, మిగతాదంతా ఫోన్‌లో చూసి నేర్చుకున్నదే.

పిల్లలతో పనిచేసేవాళ్లు దాచుకోకుండా చెప్పండి. మీకు ఏది చేతనవును, ఎక్కడ నేర్చుకున్నారు? తల్లిదండ్రులు కూడా రాయండి. సెంటర్ల పేర్లు, మనుషుల పేర్లు మాత్రం వద్దు.

ఇంకో సంగతి. తొమ్మిదేళ్ల బాబు ఒకడున్నాడు, మాటలు లేవు. నా సొంత డబ్బుతో నలభై బొమ్మల కార్డులు లామినేషన్ చేయించాను. వాడు వాటిని నమిలేస్తున్నాడు. కార్డు చూపించి "ఏం కావాలి నాన్నా?" అంటే అటు తిరిగిపోతాడు. దాహమైతే మాత్రం నా మణికట్టు పట్టుకుని లాక్కెళ్లి నీళ్ల కుండ మూత మీద పెడతాడు. పోసిస్తే సగం తాగి వదిలేస్తాడు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

ఇందూరు_అమ్మ
టీచరమ్మ గారూ, "అన్నీ కలిపి చేస్తాం" అన్న మాట నేను ఎనిమిదేళ్లలో ఆరుగురి నోట విన్నాను. ఒప్పుకున్నది మీరొక్కరే.

మా బాబుకి ఇప్పుడు పదమూడు. మొదటి సెంటర్‌లో 45 నిమిషాల సెషన్, తలుపులు వేసేవాళ్లు, నేను బయట బెంచీ మీద. బయటికి రాగానే "ఈ రోజు ఏం చేశారు?" అంటే "సెన్సరీ చేశాం అమ్మా". రేపేం చేస్తారు? సెన్సరీ. ఏడాది తర్వాత తెలిసింది, లోపల ఉయ్యాల ఊపేవాళ్లంట. మా ఇంట్లో దూలానికి చీర కట్టినా ఊగేవాడు కదా!

నాకు తెలిసిన మంచి థెరపిస్టు ఒక చిన్నమ్మాయి. పెద్ద చదువు కాదు, డిప్లొమా. నన్ను లోపలే కూర్చోబెట్టేది. ఒక రూళ్ల పుస్తకంలో ఆ రోజు పని ఒక్కటే రాసేది: "చెప్పు తనే వేసుకోవాలి. పదిసార్లు అవకాశం ఇచ్చాం, మూడుసార్లు వేసుకున్నాడు." వారం తర్వాత పదికి ఆరు. అన్నీ కలిపి చేస్తానని ఆ అమ్మాయి ఏ రోజూ అనలేదు. "ఇది నాకు రాదు ఆంటీ, మా మేడమ్‌ని అడిగి చెప్తా" అనేది. పెళ్లయి వెళ్లిపోయింది, మా బాబు ఆరు నెలలు వెనక్కి పోయాడు.

బెజవాడ_ఓటీ
నేను ఓటీని, అంటే ఆక్యుపేషనల్ థెరపిస్టుని. నా సబ్జెక్టునే ఎత్తారు కాబట్టి మాట్లాడక తప్పదు. ఇందూరు అక్క చెప్పింది నిజం. ఉద్యోగంలో మొదటి రెండేళ్లు నేనూ అదే చేశాను: ఉయ్యాల, బంతుల తొట్టి, చేతుల మీద బ్రష్. అందులో కొంత నా సీనియర్ చేస్తుంటే చూసి నేర్చుకున్నది, ఆయన తన సీనియర్‌ని చూసి నేర్చుకున్నాడు.

సెన్సరీ ఇంటిగ్రేషన్ అంటే స్పర్శ, కదలిక లాంటి ఇంద్రియాల ఇబ్బందుల మీద చేసే థెరపీ. దాన్ని మొదలుపెట్టిన జీన్ ఏయర్స్ పద్ధతికి లెక్క ఉంది. ముందు పరీక్ష చేయాలి, పిల్లవాడికి ఇబ్బంది ఎక్కడో పట్టుకోవాలి, ఆ ఇబ్బంది ఏ రోజువారీ పనికి అడ్డొస్తుందో రాయాలి. తర్వాతే ఉయ్యాల. ఆ పని ఏదో చెప్పకుండా ఊపితే అది పార్కే. 2020లో అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం వాళ్లు ఆధారాలున్న పద్ధతులంటూ 28 లెక్క తేల్చారు. సెన్సరీ ఇంటిగ్రేషన్ అందులో ఉంది, కానీ ఏయర్స్ పద్ధతికే ఆ చోటు. బరువు జాకెట్లు, బ్రషింగ్ దాని కిందికి రావు.

ఇప్పుడు నేను ఎక్కువగా చేసేది గుండీలు, స్నానం, అన్నం ముద్ద. చూడ్డానికి ఏమీ ఉండదు. "ఇదేనా థెరపీ, ఇది ఇంట్లో మేమూ చేస్తాం కదా" అంటారు పేరెంట్స్. చేయండి, నాక్కావాల్సిందీ అదే!

ఇంకోటి, ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) నంబర్ అడగమని అందరూ సలహా ఇస్తుంటారు. స్పీచ్ వాళ్లకి, స్పెషల్ ఎడ్యుకేటర్లకి, క్లినికల్ సైకాలజిస్టులకి అది తప్పనిసరి. ఓటీలు, ఫిజియోలు ఆర్‌సీఐ కిందికి రాము, మాకు 2021 నాటి అలైడ్ హెల్త్ చట్టం వేరే ఉంది. కాబట్టి ఓటీకి ఆర్‌సీఐ నంబర్ లేదని దొంగ అనుకోకండి. కాలేజీ పేరు, డిగ్రీ అడగండి.

మాటల_మేడమ్
స్పీచ్ థెరపిస్టుని, ఒంగోలు వైపు. టీచరమ్మ గారూ, మీ కార్డుల గురించి నాలుగు ప్రశ్నలు.

వాడు కార్డు తీసుకునేటప్పుడు వాడి వెనక ఎవరు నిలబడ్డారు?
ఒకేసారి ఎన్ని కార్డులు ముందు పెట్టారు?
"ఏం కావాలి" అని మొదటి రోజు నుంచీ అడుగుతున్నారా?
వాడికి కావాల్సింది నీళ్లే అని మీకెలా తెలుసు?

పల్నాటి_టీచరమ్మ
వెనక ఎవరూ లేరండి, నేనొక్కదాన్నే. కార్డులు ఆరు పెట్టేదాన్ని. అడుగుతున్నాను, అడక్కపోతే ఎలా చెప్తాడు? నాలుగో ప్రశ్న నాకు అర్థం కాలేదు. కుండ దగ్గరికి తీసుకెళ్తే నీళ్లకే కదా.

మాటల_మేడమ్
తప్పు పడుతున్నానని అనుకోకండి. డిగ్రీ మూడో సంవత్సరంలో నేనూ ఇలాగే చేసి మా ప్రొఫెసర్‌తో చీవాట్లు తిన్నాను.

పెక్స్ అంటే బొమ్మలు కాదండి. బొమ్మ ఇచ్చి వస్తువు తీసుకోవడం. పిల్లవాడు ఒక మనిషి దగ్గరికి తనంతట తాను వచ్చి ఏదో ఒకటి చేతిలో పెట్టాలి, అదే మొదటి పాఠం. ఆరు దశలుంటాయి. మొదటి దశకి ఇద్దరు పెద్దవాళ్లు కావాలి. ముందున్న మనిషి వాడికి ఇష్టమైన వస్తువు పట్టుకుని నోరు మెదపకుండా కూర్చుంటుంది. వాడు వస్తువు కోసం చెయ్యి చాపగానే వెనకున్న మనిషి ఆ చేతిని కార్డు మీదికి మళ్లించి, తీయించి, ముందున్న మనిషి అరచేతిలో పెట్టిస్తుంది. పెట్టిన క్షణమే వస్తువు ఇవ్వాలి, "నీళ్లు!" అని పేరు చెప్పాలి. కార్డు ఒక్కటే ఉండాలి, ఏ బొమ్మ ఏదన్న గుర్తింపు మూడో దశలో వస్తుంది. "ఏం కావాలి" అన్న ప్రశ్న ఐదో దశది! మొదటి రోజే అడిగితే, ఎవరైనా అడిగేదాకా ఆగాలని వాడు నేర్చుకుంటాడు.

మీరు నలభై చేయించారు, ఇప్పటికి ఒకటి చాలు. వాళ్లమ్మ వస్తుందా కేంద్రానికి? ఆమెని ముందు కూర్చోబెట్టి మీరు వెనక ఉండండి. వెనకున్నవాళ్లు కూడా మాట్లాడకూడదు. మనకి కష్టమైంది అదే.

డాలస్_నాన్న
మేం ఇక్కడికొచ్చి ఆరేళ్లు. పాపకి ఏబీఏ (ఒక్కో పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, చేసినప్పుడల్లా బహుమతి ఇస్తూ నేర్పే పద్ధతి) నడుస్తోంది. ఇక్కడ కూడా పిల్లతో రోజూ కూర్చునేది పెద్ద నిపుణులు కాదు. ఆర్‌బీటీ అంటారు, స్కూలు చదువు, 40 గంటల శిక్షణ, ఒక పరీక్ష. అంతే. తేడా ఏంటంటే, ఆ అమ్మాయి పనిచేసిన గంటల్లో కనీసం 5 శాతం పైవాళ్లు ఎవరో ఒకరు చూసి సరిదిద్దాలని నియమం. మన దగ్గర 40 గంటల శిక్షణ దొరకచ్చు, కానీ పైన చూసే మనిషి ఎక్కడ? టీచరమ్మ గారి సమస్య చదువు తక్కువై కాదు, వెనక ఎవరూ లేకపోవడం వల్ల. ఆ పిల్లాడికి లేనట్టే.

మా పాప టాయిలెట్ అలవాటు ఏబీఏ వల్లే వచ్చింది, ఆ మాట చెప్పకపోతే అన్యాయం.

నేనూ_ఆటిస్టిక్
నాకు 24. హైదరాబాద్‌లో డేటా ఎంట్రీ చేస్తాను. చిన్నప్పుడు నాకూ "ఏబీఏ" చేశారు. కోట్స్ ఎందుకంటే అది నిజంగా ఏబీఏనో కాదో ఇప్పటికీ తెలీదు.

మేడమ్ గడ్డం పట్టుకుని తిప్పి "నా కళ్లల్లోకి చూడు" అనేది. చూస్తే జెమ్స్ బిళ్ల. కళ్లల్లోకి చూస్తే నాకు మంట పుట్టినట్టుండేది. అందుకని రెండు కనుబొమ్మల మధ్య బొట్టుని చూడ్డం మొదలుపెట్టాను. బిళ్ల వచ్చేది, రిజిస్టర్‌లో టిక్ పడేది. అమ్మకి "ఐ కాంటాక్ట్ 80 శాతం వచ్చింది" అని చెప్పారు. అమ్మ స్వీట్లు పంచింది. అది బొట్టు కాంటాక్ట్.

థెరపిస్టులకి ఏం తెలియాలని అడిగితే నేనిది చెప్తాను: వద్దు అనడం నేర్పండి. నాకు "కావాలి" పన్నెండు రకాలుగా నేర్పారు, "వద్దు" ఒక్కసారి కూడా నేర్పలేదు. అందుకే కరిచేవాణ్ని.

డాలస్_నాన్న
తమ్ముడూ, ఇది చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు. మా పాప లక్ష్యాల్లో ఐ కాంటాక్ట్ లేదు. రెండేళ్ల కింద మేమే తీసేయమన్నాం. అయినా ఏబీఏ అంతా ఒకే రకం కాదు.

నేనూ_ఆటిస్టిక్
కాదు సరే. కానీ మీ పాప పెద్దయ్యాక ఒకసారి తననే అడగండి.

అడ్మిన్
ఇద్దరికీ మనవి, ఈ చర్చకి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ కొనసాగించండి. అలాగే ఇక్కడ "స్టెమ్ సెల్స్‌తో 3 నెలల్లో మాటలు" అని వచ్చిన ప్రకటన తీసేశాం. ఆ ఐడీని ఆపేశాం.

గోదారి_తండ్రి
అడ్మిన్ గారూ, తీసేశారు సరే. అది నిజంగా పనిచేయదా? మేం రెండేళ్ల కింద చేయించాం. పొలం తాకట్టు పెట్టి. బాబు అప్పుడు కొంచెం మాట్లాడినట్టే అనిపించింది.

డీఈఐసీ_డాక్టర్
జిల్లా ఆసుపత్రి డీఈఐసీలో, అంటే పిల్లల ఎదుగుదల లోపాల్ని తొందరగా గుర్తించి చూసే కేంద్రంలో, పిల్లల డాక్టర్‌ని. ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం ఆర్‌బీఎస్‌కే బృందాలు బడుల్లో, అంగన్‌వాడీల్లో చూసి పంపినవాళ్లు మా దగ్గరికే వస్తారు.

తండ్రి గారూ, పిల్లల కోసం పొలం పెట్టినవాళ్లని ఎవరూ తప్పు పట్టరు. కానీ అడిగారు కాబట్టి సూటిగా చెప్తాను. 2017 నాటి ఐసీఎంఆర్ మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్త సంబంధ జబ్బులకి తప్ప స్టెమ్ సెల్స్‌ని చికిత్సగా ఇవ్వకూడదు. మిగతా దేనికైనా అనుమతి ఉన్న ట్రయల్‌లోనే. డబ్బు కట్టించుకుని "ట్రయల్" అంటే అనుమానించాలి. బాబు మాట్లాడినట్టు అనిపించిందన్నారు, అబద్ధమని నేననను. నాలుగు, ఐదేళ్లప్పుడు చాలామంది పిల్లలు థెరపీతోనో, వయసుతోనో కొంత ముందుకొస్తారు. ఆ నెలల్లో ఏది చేయించినా దానికే పేరొస్తుంది. కీలేషన్ (ఒంట్లో లోహాలు తీసేస్తామని మందులిచ్చేది) జోలికి మాత్రం ఎవరూ పోవద్దు, 2005లో అమెరికాలో ఐదేళ్ల పిల్లవాడు దానివల్ల చనిపోయాడు.

మందుల గురించి కూడా. రిస్పెరిడోన్ విపరీతమైన చిరాకుకి, తనని తాను కొట్టుకోవడానికి ఇస్తాం. ఆటిజానికి మందు కాదది. మాటలు రావడానికి అని ఎవరైనా రాసిస్తే ఎందుకో అడగండి. ఆకలి, బరువు పెరుగుతాయి, చూసుకోవాలి.

ఇక అసలు ప్రశ్న. మా డాక్టర్లకి తెలిసింది కూడా తక్కువే. "మగపిల్లలు లేటుగా మాట్లాడతారు, వాళ్ల నాన్న కూడా అంతే" అని పంపేసిన డాక్టర్లలో ఒకప్పుడు నేనూ ఉన్నాను. వినికిడి పరీక్ష చేయించకుండా ఆటిజం ముద్ర వేసినవాళ్లూ ఉన్నారు, చేయించి చెవులు బాగున్నాయి కాబట్టి ఏమీ లేదని పంపినవాళ్లూ ఉన్నారు.

డాలస్ ఆయన చెప్పిన "పైన చూసే మనిషి" మాట దగ్గర ఆగాలి. గోవాలో, పాకిస్తాన్‌లోని రావల్పిండిలో పాస్ అని ఒక అధ్యయనం జరిగింది, 2016లో ఫలితాలు వచ్చాయి. రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలు 65 మంది. ఇంటికెళ్లిన కార్యకర్తలు నిపుణులు కారు, మామూలు ఆరోగ్య కార్యకర్తలు. తల్లి, బిడ్డ ఆడుకోవడం వీడియో తీసి, తల్లితో కూర్చుని అదే వీడియో చూస్తూ "ఇక్కడ వాడు మీ వైపు చూశాడు, మీరు ఆగారు, అందుకే బొమ్మ ఇచ్చాడు" అని చూపించడమే పని. పదిహేను రోజులకోసారి, మొత్తం పన్నెండు సెషన్లు. వాళ్ల పని పైనుంచి మెట్లు మెట్లుగా సరిచూశారు. తల్లిదండ్రులు బిడ్డకి తగ్గట్టు స్పందించడం బాగా పెరిగింది, బిడ్డ తనంతట తాను పలకరించడం పెరిగింది. ఇద్దరూ కలిసి ఒకే దాని మీద శ్రద్ధ పెట్టే సమయం మాత్రం తగ్గింది. అది కూడా దాచకుండా రాశారు, అందుకే నాకు ఆ అధ్యయనం మీద నమ్మకం.

ఇందూరు_అమ్మ
డాక్టర్ గారూ, అన్నీ రెండేళ్లవాళ్లకి, తొమ్మిదేళ్లవాళ్లకే. మాకు పదమూడు. పదేళ్లు దాటితే "ఇంక మా దగ్గర ఏం లేదమ్మా" అంటున్నారు. గడ్డం, మీసం వస్తుంటే బడి వాళ్లు భయపడుతున్నారు. పోయిన నెల పెళ్లిలో అందరి ముందు ప్యాంటులో చెయ్యి పెట్టాడు. మా ఆడపడుచు పిల్లల్ని లోపలికి తీసుకెళ్లిపోయింది. థెరపిస్టుని అడిగితే "కొంచెం గట్టిగా చెప్పండి" అంది. ఇదా సలహా?

బెజవాడ_ఓటీ
కాదక్కా. ఆ థెరపిస్టుకి తెలీదు, తెలీదని చెప్పడం సిగ్గు. చదువులో మాకు ఈ వయసు గురించి చెప్పింది అరపేజీ. ఆ 28 పద్ధతుల వెనకున్న పరిశోధనల్లో కూడా పదిహేను దాటినవాళ్ల మీద చేసినవి చాలా తక్కువ.

గట్టిగా చెప్తే ఆగదు. అది తప్పని కాదు, ఎక్కడ చేయాలో నేర్పాలి. ఇంట్లో ఒక గది లేదా బాత్రూమ్, ఆ తలుపు మీద ఒక గుర్తు. హాల్లో చెయ్యి వెళ్లినప్పుడు కోప్పడకుండా, నవ్వకుండా ఆ గుర్తు చూపించి అక్కడికి తీసుకెళ్లండి. నాన్న చేస్తే ఇంకా మంచిది. ఈపాటికి స్నానం చేయించడం కూడా అమ్మ చేతిలోంచి బాబు చేతికి పోవాలి. సబ్బు, చెంబు, తువ్వాలు వరసగా ఫొటోలు తీసి బాత్రూమ్ గోడకి అంటించండి. ముందు ఒకసారి దురద, పుండు లాంటివేమైనా ఉన్నాయేమో డాక్టర్‌కి చూపించండి, చాలాసార్లు కారణం అదే.

డీఈఐసీ_డాక్టర్
ఒప్పుకుంటున్నాను. ఈ వయసులో మూర్ఛలు కొత్తగా మొదలయ్యే అవకాశం కూడా ఉంటుంది. ఉన్నట్టుండి శూన్యంలోకి చూస్తూ పలకకపోతే "ఆటిజం వల్లే" అని వదిలేయకండి. పద్దెనిమిది నిండేలోపు కలెక్టర్ గారి ఆధ్వర్యంలో ఉండే స్థానిక కమిటీ దగ్గర సంరక్షకుల కాగితం (పద్దెనిమిది దాటాక కూడా బాబు తరఫున మీరు నిర్ణయాలు తీసుకోవడానికి) గురించి కనుక్కోండి. కేంద్ర ప్రభుత్వ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా లేకపోతే అదీ చేయించండి, ఏడాదికి లక్ష వరకు.

ఇందూరు_అమ్మ
మా ఆయనకి మీరు రాసింది చదివి వినిపించాను. ఏమీ అనలేదు. పొద్దున చూస్తే బాత్రూమ్ తలుపు మీద ఎర్ర స్టిక్కర్ ఉంది.

పల్నాటి_టీచరమ్మ
మూడు వారాలైంది, ఏం జరిగిందో చెప్పాలి కదా.

ముందుగా, ఆ తండ్రి మళ్లీ వచ్చాడు. "ఏబీఏ నాకు రాదు నాన్నా, సెన్సరీ ఇంటిగ్రేషన్ చేసే అర్హత నాకు లేదు. పెక్స్ మొదటి దశ ఇప్పుడే నేర్చుకుంటున్నా" అని చెప్పాను. మొహం చిన్నబుచ్చుకున్నాడు. పిల్లాణ్ని టౌన్‌లో చేర్పిస్తాడేమో అనుకున్నా, ఇంకా పంపుతూనే ఉన్నాడు.

మా బాబు వాళ్లమ్మ మిర్చి కోతలకి పోతుంది, వారానికి రెండు రోజులే వస్తుంది. మిగతా రోజులు మధ్యాహ్న భోజనం వండే ఆవిడ ముందు కూర్చుంటోంది. ఆవిడకి నోరు కట్టేయడం ఎంత కష్టమైందో! "నీళ్లా నాయనా, నీళ్లా" అని మొదటి రెండు రోజులు ఆగలేదు. మూడో రోజు నోట్లో వక్కపలుకు పెట్టుకుని కూర్చుంది. అప్పుడు కుదిరింది.

తొమ్మిదో రోజు నేను వెనక నుంచి చెయ్యి ముట్టుకోకుండానే వాడు కార్డు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి. ఆవిడ గ్లాసు నింపి ఇచ్చింది. వాడు గ్లాసు పక్కకి నెట్టేశాడు. మళ్లీ కార్డు ఇచ్చాడు. మళ్లీ నీళ్లు. మళ్లీ నెట్టేశాడు. నాలుగోసారి విసుగొచ్చి నా మణికట్టు పట్టుకుని లాక్కెళ్లి, ఎప్పటిలాగే కుండ మూత మీద పెట్టాడు. ఈసారి నేను గ్లాసు తీసుకోలేదు, మూత తీసి ఊరికే పట్టుకున్నాను. వాడు దాన్ని లాక్కుని గచ్చు మీద నిలబెట్టి గిర్రున తిప్పాడు. సత్తు మూత, అది తిరిగి తిరిగి పడేదాకా చెవి నేలకి ఆనించి విన్నాడు.

మాటల మేడమ్, మీ నాలుగో ప్రశ్న అప్పుడు అర్థమైంది. ఏడాదిగా వాడు మూత అడుగుతుంటే నేను నీళ్లు తాగిస్తున్నాను. పాపం, నా మాట కాదనలేక సగం తాగేవాడు.

మాటల_మేడమ్
అయితే నీళ్ల కార్డు పక్కన పెట్టేసి, రేపు మూతకి ఫొటో తీయండి మేడమ్. కుండకి ఇంకో మూత కొనండి.

పల్నాటి_టీచరమ్మ
కొన్నాను. కొత్తది తిప్పి చూశాడు, సౌండ్ నచ్చలేదు. పాతది వాడికి, కొత్తది కుండకి.